అతుకుకు అవతలి ముక్క

ఉద్యోగమంతా దారాలు కాల్చి వాసన చూశాను. నా పని అదే. పట్టు కాలితే వెంట్రుకలు మాడిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే నల్లటి పొడి అవుతుంది. నకిలీ దారం కరిగి గట్టి ముద్ద కడుతుంది, ప్లాస్టిక్ కంపు కొడుతుంది. మా నాయన హిందూపురంలో పట్టుగూళ్లు ఉడికించి దారం తీసేవాడు కాబట్టి ఈ వాసనలు నాకు బడికి పోకముందే తెలుసు. తర్వాత అదే ఊరి గూళ్ల మార్కెట్లో కొన్నేళ్లు, ధర్మవరంలో చీరల పరీక్షా కేంద్రంలో మిగతా ఏళ్లు పనిచేశాను. రెండు ఊళ్లకూ నడుమ ఉందని పెనుకొండలో ఇల్లు కట్టుకుని, రైల్లోనూ బస్సులోనూ తిరిగి రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీల సంగతి వదిలేస్తాను. అవి నాకే విసుగు, మీకు ఇంకెంత విసుగో.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. బ్లాక్‌చెయిన్ మంచిదా, చెడ్డదా అని. కత్తెర మంచిదా చెడ్డదా అని దర్జీని అడిగితే ఏం చెప్తాడు? నాకు ఆ ప్రశ్న వింటేనే ఒళ్లు మండుతుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించిన వాళ్లనూ చూశాను, దాని మీద దుమ్మెత్తి పోసిన వాళ్లనూ చూశాను. చిత్రమేమిటంటే కొందరు రెండు పనులూ చేశారు. అందుకే ఒక్క చీర కథ చెప్తాను. మంచిదో చెడ్డదో మీరే తేల్చుకోండి.

చైన్ అన్న మాట

నా సర్వీసు చివర్లో మా పైఆఫీసు ఒక పథకం తెచ్చింది. హిందూపురం మార్కెట్లో రైతు అమ్మిన గూళ్ల దగ్గర్నుంచి ధర్మవరం మగ్గం మీద తెగిన చీర దాకా ప్రతి మెట్టూ కంప్యూటర్లో నమోదవుతుంది. చీరకు ఒక ట్యాగు కడతారు. ఫోనుతో స్కాన్ చేస్తే గూళ్లు గుడిబండ ఊరివా, రొళ్ల ఊరివా, దారం ఎవరు తీశారు, చీర ఎవరు నేశారు, పట్టు అసలుదా కాదా, అన్నీ కనిపిస్తాయి.

బ్లాక్‌చెయిన్ అంటే నాకు అర్థమైనంతలో ఇంతే. ఒకే లెక్కకు నకళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. కొత్త వరుస రాస్తే అందరి నకళ్లలోనూ పడుతుంది. ప్రతి వరుసలోనూ దాని ముందు వరుస గుర్తు ఉంటుంది కాబట్టి, ఎవరైనా దొంగచాటుగా పాతదాన్ని దిద్దితే మిగతా నకళ్లతో కలవక దొరికిపోతారు. ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. అసలు పట్టు అని చెప్పి మరమగ్గం చీరలు అంటగట్టే చోట ఇలాంటిది ఉంటే మంచిదే కదా అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ధర్మవరంలో ఒక ఫంక్షన్ హాల్లో నేతగాళ్లను పిలిచి సభ పెట్టారు. మా పెద్దసారు మైకు పట్టుకుని, చాలా గర్వంగా, ఇక మీ చీరలన్నీ బ్లాక్‌చెయిన్‌లోకి వస్తాయని ప్రకటించాడు. హాలంతా గుసగుసలు. వెనక వరుసల్లో కొందరు లేచి చెప్పులు వేసుకున్నారు. మా సారుకు ఏం జరిగిందో అర్థం కాలేదు.

ధర్మవరం వీధుల్లో చైన్ అంటే ఒకటే అర్థం. మీరు చేరాలి, మీ కింద ఇంకొందరిని చేర్పించాలి. సబ్బుల చైన్ వచ్చింది, పరుపుల చైన్ వచ్చింది, ఒంట్లో రోగాలన్నీ పోగొట్టే పొడుల చైన్ వచ్చింది. వచ్చిన ప్రతిదీ ఒక్కో వీధిని ఊడ్చుకుని పోయింది. ఆ చైన్ అన్న మాటకు ముందు మా వాళ్లు, బ్లాకులో అమ్మినట్టు, బ్లాక్ అన్న మాట కూడా తగిలించారు. ఓబులేసని ఒక పెద్దాయన, మా నాయన ఈడువాడు, ముందు వరుసలో కూర్చున్నాడు. లేచి నిలబడి అడిగాడు.

"ఏమప్పా, నా కింద ఎంతమందిని చేర్పించల్ల?"

హాలు గొల్లుమంది. మా సారు ముఖం కందగడ్డయింది. వీళ్లకు టెక్నాలజీ తలకెక్కదని మాతో ఇంగ్లీషులో గొణిగాడు. నాకు కోపం వచ్చింది ఓబులేసు మీద కాదు. జనాన్ని ఏ మాట ముంచిందో తెలుసుకోకుండా అదే మాట తెచ్చి వాళ్ల నెత్తిన కొట్టిన మా వాళ్ల మీద. గట్టి లెక్క అనో, చెరగని లెక్క అనో ఒక్క తెలుగు మాట వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఆ ముక్క మీటింగులో అంటే, టెక్నికల్ పదాలు మార్చకూడదమ్మా అన్నారు.

ఆ మాట చేసిన చెరుపు అంతటితో ఆగలేదు. పెనుకొండలో ఎరువుల కొట్టు నడిపే మా మరిది, హిందూపురం హోటల్లో భోజనం పెట్టి మరీ ఒకడు బ్లాక్‌చెయిన్ కాయిన్ అని చెప్పి అమ్మిన ఫోన్ డబ్బు కొని మునిగిపోయాడు. అప్పట్నుంచి నేను కనిపిస్తే చాలు, మీ బ్లాక్‌చెయినే నా కొంప ముంచింది అంటాడు. నీకు భోజనం పెట్టి పేరు చెప్పకుండా మాయమైనవాడు ముంచాడు అంటాను నేను. ఆ కాయిన్ అసలు ఏ గొలుసులోనూ లేదు, మా మరిది ఫోన్లో కనిపించే అంకె మాత్రమే. దొంగ పోలీసు చొక్కా వేసుకుని వచ్చాడని చొక్కాను జైల్లో పెడతామా? ఇది అన్యాయమైన తిట్టు. నష్టపోయినవాడి నోటి నుంచి వచ్చింది కాబట్టి విని ఊరుకుంటాను, అంతే.

తిట్టేవాళ్లలో రకాలు

నష్టపోయి తిట్టేవాళ్లను క్షమించొచ్చు. లాభం పోతుందని తిట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. ధర్మవరంలో ఒక షావుకారు ఉన్నాడు. మరమగ్గం చీరను చేనేత అని అమ్మడంలో చేయి తిరిగినవాడు. ట్యాగుల మాట వినగానే ఆయనకు ఉన్నట్టుండి పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బ్లాక్‌చెయిన్ వల్ల ప్రపంచంలో కరెంటు అంతా అయిపోతోందని పేపర్ కటింగ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆయన షాపులో పట్టపగలు కూడా లైట్లు ఆర్పరు.

ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కొన్ని కాయిన్లు నడిచే పద్ధతికి కరెంటు విపరీతంగా కావాలి. అది న్యాయమైన విమర్శే, కాయిన్ల మీద. మా చీరల లెక్క నాలుగు మామూలు కంప్యూటర్ల మీద నడిచేది, మా ఆఫీసు ఏసీ అంతకంటే ఎక్కువ తినేది. నిజాన్ని తెచ్చి తప్పు గుమ్మానికి వేలాడదీస్తే అది అబద్ధం కంటే ఎక్కువ పనిచేస్తుంది. మీ దగ్గరికి కూడా ఇలాంటి కటింగులు వస్తాయి. కటింగు చదవండి, తెచ్చినవాడు ఏం అమ్ముతాడో కూడా చూడండి.

అసలైన విమర్శ నాకు వేరే చోట దొరికింది. ఆ పథకానికి కంప్యూటర్ పని చేసిన కంపెనీ తరఫున సహన అనే అమ్మాయి వచ్చేది. గౌరిబిదనూరు పిల్ల, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. ఒకరోజు టిఫిన్ తింటూ, ఈ నకళ్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయమ్మా అని అడిగాను. మొదట నేత సంఘానికి ఒకటి, దారం తీసేవాళ్ల సంఘానికి ఒకటి, షాపులవాళ్లకు ఒకటి, మా ఆఫీసుకు ఒకటి అనుకున్నారట. తర్వాత అన్నీ మా ఆఫీసులోనే పెట్టించారట.

అన్ని నకళ్లూ ఒకడి బీరువాలోనే ఉంటే నకళ్లు ఎందుకు? తలుచుకుంటే నాలుగూ ఒకేసారి మార్చేయొచ్చు. మామూలు కంప్యూటర్ లెక్క సరిపోయేది కదా అన్నాను. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "సరిపోయేది మేడం. టెండర్లో ఆ పదం ఉంది, అందుకే" అంది. పదం కోసం వస్తువు కొన్నాం మనం. నేతగాళ్ల చేతిలో ఒక నకలు పెట్టడానికి భయపడిన ఆఫీసు, నమ్మకం గురించి బ్యానర్లు కట్టింది.

రామాంజినమ్మ చీర

ఇక ఆ చీర సంగతి. రామాంజినమ్మ ధర్మవరంలో రైల్వే గేటు అవతల ఉంటుంది. ఇంట్లో గుంటమగ్గం. నేసేది ఆమే. భర్త ఆటో తోలుతాడు. నేను చెప్పినందుకు ఆ వీధిలో అందరికంటే ముందు ఈ పథకంలో చేరింది. ఫోటో తీస్తున్నారంటే తలకు నూనె పెట్టి దువ్వుకుని, తాను నేసిన చీర కట్టుకుని వచ్చి, మగ్గం ముందు కూర్చుని నవ్వింది. ఆమె చీరల ట్యాగు స్కాన్ చేస్తే ముందు ఆ నవ్వే వచ్చేది.

కొన్నాళ్లకు బెంగళూరు షాపు నుంచి ఆమె చీరల మూట తిరిగి వచ్చింది. స్కాన్ చేస్తే ఆమె ఫోటో కింద 'మిశ్రమం' అని పడుతోందట. అంటే పట్టులో వేరే దారం కలిసిందని. ఆమెకు పట్టుదారమిచ్చి నేయించుకునే షావుకారు, ఇక నీకు పని ఇవ్వనని చెప్పేశాడు. ఇతను కటింగ్ తెచ్చినాయన కాదు, నిజాయితీపరుడే. కానీ కంప్యూటర్ చెప్పింది కదా అన్నాడు. వీధిలో ఆడవాళ్లు నీళ్ల దగ్గర ఆమె వస్తే మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. మోసగత్తె అన్న పేరు ఫోటోతో సహా లోకానికి తెలిసిపోయింది. ఆమెకు ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే, దాన్ని చూసే పని ఇచ్చేవాళ్లు.

టవల్లో చుట్టిన చీర తెచ్చి నా టేబుల్ మీద పరిచింది. ఏడవలేదు. కోపంగా ఉంది.

"కాల్చి చూడమ్మా. నీకు యాడ కావాలంటే ఆడ కాల్చు. కొంగులో కాల్చు, అంచులో కాల్చు. చీర పోతే పోనీ."

చీరను కాల్చలేదు, పోగులు లాగి కాల్చాను. అంచులోవి, ఒంట్లోవి, కొంగులోవి, అన్నీ వెంట్రుకలు మాడిన వాసనే. రసాయన పరీక్షా చేశాను. పూర్తి పట్టు. మరి ముందు పరీక్షలో మిశ్రమం ఎలా వచ్చింది? ఆ పరీక్ష మా కేంద్రంలో జరగలేదు. పథకంవాళ్లు రోజుకూలికి పెట్టుకున్న మనుషులు వీధుల్లో తిరిగి ముక్కలు పోగుచేసి, వేరే గదిలో యంత్రంతో చేయించారు. ఆ ముక్క దాచి ఉంటే చూపించమని పట్టుబట్టాను. రెండు రోజులు నన్ను తిప్పి, చివరికి కవరు ఇచ్చారు.

కవరు విప్పి చూడగానే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ముక్క ఒక కొసన పోగులన్నిటికీ చిన్న చిన్న ముడులు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసేయరు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. అతుకును ముందుకు లాగి అక్కడ్నుంచి కొత్త చీరలు మొదలుపెడతారు. అతుకుకు అవతల పాత గుడ్డ తోక ఒకటి జానెడు మిగిలిపోతుంది. పరీక్షకు ముక్క ఇవ్వమని కుర్రాళ్లు వస్తే, నేసిన చీరను కత్తిరించి ఇవ్వడానికి ఏ నేతగత్తెకైనా చేయి ఎలా వస్తుంది? ఎందుకూ పనికిరాని ఆ తోక కత్తిరించి ఇచ్చింది. వీధిలో అందరూ అదే ఇచ్చారు. మిగతావాళ్ల పాత పడుగు కూడా పట్టే కాబట్టి ఎవరికీ తేడా రాలేదు. రామాంజినమ్మ అంతకుముందు వేరే షాపుకు, కలిపిన దారమని చెప్పి, కలిపిన దారం ధరకే నేసింది. ఆ తోక దానిది.

పరీక్ష చేసిన యంత్రం తప్పు చెప్పలేదు. ఆ ముక్క గురించి నిజమే చెప్పింది. గొలుసు కూడా ఆ నిజాన్ని చెక్కుచెదరకుండా దాచింది. కానీ ఆ ముక్క ఆ చీరది కాదు. బ్లాక్‌చెయిన్ మీద నేను విన్న విమర్శల్లో అన్నిటికంటే న్యాయమైనది ఇదే. లోపలికి పోయాక ఎవరూ మార్చలేరన్న హామీ అది ఇస్తుంది. లోపలికి పోయేది సరైనదేనా అన్న సంగతి దానికి తెలియదు. దానికి మగ్గం దగ్గరికి పోయి ముక్కను తిరగేసి చూసే మనిషి కావాలి. ఆ మనిషి మీరు. మీకు బద్ధకమైతే ఎంత గొప్ప యంత్రం పెట్టినా మీ బద్ధకమే అందులో శాశ్వతంగా ఉండిపోతుంది.

పేరు మార్చుకోమన్న సలహా

కాగితం మీద రాసిన సర్టిఫికెట్ అయితే అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కొత్తది రాసిచ్చేదాన్ని. ఇక్కడ కొట్టేయడం కుదరదు. అది ఈ టెక్నాలజీ లోపమని మా ఆఫీసులో అందరూ అన్నారు. సహన ఒప్పుకోలేదు. పాత వరుస చెరపలేం గానీ, ఇది తప్పు, సరైనది ఇది అని కింద ఇంకో వరుస రాయొచ్చంది. ఆ ఏర్పాటు చేస్తానని తాను మొదట్లోనే అడిగితే, మా సారు వద్దన్నాడట. తప్పులు జరుగుతాయని మనమే ఒప్పుకుంటే ట్యాగుకు విలువేముందని ఆయన వాదన.

రామాంజినమ్మను తీసుకుని ఆయన గదికి పోయాను. నా రిపోర్టు చదివాడు, తల పంకించాడు. పాపం అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన పరిష్కారం విని నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఆమె భర్త పేరు మీద కొత్తగా నమోదు చేద్దామన్నాడు. కొత్త పేరుకు మచ్చ ఉండదు, పాత పేరు అలా పడి ఉంటుంది, చాలామంది ఇళ్లల్లో మగ్గం మగవాళ్ల పేరు మీదే కదా ఉండేది అన్నాడు.

రామాంజినమ్మ ఆయన ముఖంలోకి చూసి అడిగింది.

"నేసేది నేను సారూ. ఆయప్ప ఆటో తోల్తాడు. నేసినోడని ఆయప్ప పేరు రాస్తే అదీ అబద్ధమే గదా? మీరు రాసిన అబద్ధం పోవాలంటే నేను ఇంకో అబద్ధం రాయించుకోవల్లనా?"

సారు నా వైపు చూశాడు, ఈమెకు నచ్చజెప్పు అన్నట్టు. నేను చెప్పలేదు. అబద్ధానికి చోటు లేదని చెప్పి జనాన్ని చేర్పించిన లెక్కలో, మా తప్పు బయటపడకూడదని అబద్ధం ఎక్కించమంటున్నాడు ఆ మనిషి. గొలుసు గట్టిదే. దాన్ని పట్టుకున్న చేతులే వంకర. ఆ రోజు గట్టిగానే అరిచాను, పక్కగదిలోవాళ్లు తొంగిచూశారు. అరిచినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

విషయం ఎవరో పేపరుకు చేరవేశారు. చీరల ట్యాగు విఫలం అని చిన్న వార్త వచ్చింది. మర్నాడే మా సారు గొంతు మారిపోయింది. బ్లాక్‌చెయిన్ మన ప్రాంతానికి పనికిరాదని, ఆ టెక్నాలజీలోనే లోపం ఉందని, తాను మొదట్నుంచీ అనుమానిస్తూనే ఉన్నానని పైవాళ్లకు రాశాడు. ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకున్న నోరే అది. కటింగుల షావుకారు ఆఫీసుకు వచ్చి ఆయన్ను అభినందించి పోయాడు. మరమగ్గం చీరల దందాకు ఇక ఏ ట్యాగూ అడ్డం రాదు కదా. ముక్క ఎక్కడ కత్తిరించాలో చెప్పనివాళ్లు, దిద్దుబాటు వద్దన్నవాళ్లు, నకళ్లన్నీ తమ బీరువాలో పెట్టుకున్నవాళ్లు అందరూ తప్పించుకున్నారు. తప్పంతా నోరులేని ఒక కంప్యూటర్ మీద పడింది. విమర్శల్లో నేను చూసిన అన్యాయాలన్నిటిలోకీ పెద్దది ఇదే.

దిద్దుబాటు

పథకం మూసేస్తున్నారని తెలియగానే నేను ఒక్కటే పట్టుబట్టాను. మూయండి, కానీ మూసేముందు రామాంజినమ్మ వరుస కింద దిద్దుబాటు పడాలి. లేకపోతే నా రిపోర్టు నేనే పేపరుకిస్తానన్నాను. సారు సరేననక తప్పలేదు. సహన ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని ఎక్కించింది. అంత పెద్ద పనేమీ కాదట. ఇన్నాళ్లూ ఎవరూ చేయమనలేదు, అంతే. తిరిగి పరీక్షించినది ఎవరన్న చోట నా పేరు పూర్తిగా రాయమన్నాను. రాసింది.

రామాంజినమ్మను పిలిపించి ఫోన్లో చూపించాం. ముందు పరీక్షకు తీసుకున్న ముక్క ఈ చీరది కాదు, తిరిగి పరీక్షించగా చీర పూర్తి పట్టు అని తేలింది అని తెలుగులోనే రాయించాను. సహన చదివి వినిపించింది. రామాంజినమ్మ సంతోషపడుతుందనుకున్నాం. ఆమె ఫోను తీసుకుని పైకి జరిపింది, కిందికి జరిపింది. చాలాసేపు చూసింది.

"పైన నా ఫోటో ఉండాది. నా పేరు, మా వీధి పేరు ఉండాది. ఆ తోక ముక్కే చాలని తీసుకొని పోయినోళ్ల పేరు యాడుండాది?"

సహన తప్పు వరుస పక్కన ఉన్న ఒక అంకెను చూపించింది. ఆఫీసు తరఫున ఎక్కించేవాళ్ల పేర్లు పడవని, నంబరు మాత్రమే పడుతుందని, పేర్లు రహస్యంగా ఉంచాలని మొదట్లోనే చెప్పారని నెమ్మదిగా వివరించింది.

"అయితే నాకూ నంబరే వేయాల్సింది గదమ్మా" అంది రామాంజినమ్మ. ఫోను సహన చేతిలో పెట్టి, చీర టవల్లో చుట్టుకుని పోయింది.

ఇప్పుడామె ట్యాగులు అడగని ఒక షావుకారుకు నేస్తోంది. కూలి కొంచెం తక్కువ. ఓబులేసు మధ్యలో ఉండి ఆ పని ఇప్పించాడు. మా సారు వేరే జిల్లాకు పోయాడు. పథకం మూసేసినా కంప్యూటర్లను ఎవరూ ఆపలేదు, ఆపమని ఉత్తర్వు రాయడం మర్చిపోయినట్టున్నారు. మొన్న నా దగ్గర ఉన్న ఆమె చీర పాత ట్యాగు స్కాన్ చేశాను. పేజీ తెరుచుకుంది. మగ్గం ముందు నవ్వుతున్న ఆమె ముఖం, దాని కింద ఎర్ర అక్షరాల్లో మిశ్రమం అన్న మాట, దాని పక్కన ఒక అంకె. దిద్దుబాటు కూడా ఉంది. అది చదవాలంటే వేలితో చాలా కిందికి జరపాలి. చీర కొనడానికి వచ్చినవాళ్లు అంత కిందికి పోరు.